ముస్తఫా పరుగులో కుదుపు: పాత ఆటల కోసం వీఆర్ఆర్ మానిటర్ల రివ్యూ

పాత ఆటల్ని కంప్యూటర్ మీద నడిపే ఎమ్యులేటర్‌లో 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' పెట్టి చూడండి. మన వీడియో గేమ్ పార్లర్లలో ఆ పేరు పలికినవాళ్లు తక్కువ. పసుపు టోపీ ముస్తఫా పేరే ఆట పేరైపోయింది. మనిషిని కుడివైపు నడిపిస్తూ కళ్లు మాత్రం వెనక గోడ మీద పెట్టండి. మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేది) మీద, ఆట అసలు వేగంతో నడుస్తూ వీ-సింక్ (ఫ్రేములను తెర లయకు ముడివేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, రెండు ముప్పావు సెకన్లకోసారి ఆ గోడ చిన్నగా తడబడుతుంది. ఒక్క ఫ్రేమంతే. కానీ ఒకసారి కంటపడ్డాక ఇక దాన్ని పట్టించుకోకుండా ఆడటం కష్టం. గ్రాఫిక్స్ కార్డు మార్చినా, ప్రాసెసర్ మార్చినా అది పోదు. తప్పు వాటిది కాదు, మానిటర్ మారని వేగానిది. ఆ వేగాన్ని ఆటను బట్టి మార్చుకునేవే వీఆర్ఆర్ మానిటర్లు.

1993లో వచ్చిన ఆ ఆట నడిచేది కాప్‌కామ్ కంపెనీ ఆర్కేడ్ బోర్డు సీపీఎస్-1 మీద. ఆ బోర్డు సెకనుకు 59.64 ఫ్రేములు ఇస్తుంది. మానిటరేమో 60 అడుగుతుంది. తక్కువపడ్డ 0.36 పోగై పోగై ఒక పూర్తి ఫ్రేమ్ అయినప్పుడల్లా మానిటర్ పాత బొమ్మనే ఇంకోసారి చూపిస్తుంది. మనకు కనిపించే తడబాటు అదే.

పాత ఆటలన్నీ 60 హెర్ట్జ్ అనుకుంటాం గానీ నిజంగా 60 ఉన్నవి దాదాపు లేవు. నింటెండో కన్సోళ్లు నెస్, సూపర్ నెస్ 60.10. సెగా మెగా డ్రైవ్ 59.92. గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ అడ్వాన్స్ 59.73. 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97' నడిచే నియో జియో 59.19. 'డోన్‌పచి' లాంటి కేవ్ వాళ్ల తొలి షూటర్లు 57.55. 'ఆర్-టైప్' 55.02, మొదటి రెండు 'మోర్టల్ కాంబాట్'లు 54.71. అటువైపు పాక్‌మాన్ 60.61, వీజీఏ కాలం డాస్ ఆటలు 70.09, చేతిలో పట్టుకునే వండర్‌స్వాన్ ఏకంగా 75.47. అప్పట్లో ఆర్కేడ్ బోర్డుకు తనదైన సీఆర్‌టీ, అంటే పాత ట్యూబు తెర, ఉండేది. బోర్డు ఏ వేగంతో సిగ్నల్ పంపితే ఆ ట్యూబు అదే వేగంతో గీసేది. 60కి కట్టుబడాల్సిన పని ఎవరికీ లేదు.

స్థిరమైన 60 హెర్ట్జ్ తెర మీద వీటిని ఆడించడానికి ఉన్నవి మూడే దారులు, మూడూ వంకరవే. ఒకటి, ఫ్రేములు రిపీట్ చేయడం లేదా వదిలేయడం: మోర్టల్ కాంబాట్‌లో సెకనుకు ఐదు కుదుపులు. రెండు, వీ-సింక్ తీసేయడం: తెర మధ్యలో అడ్డంగా కోత పడినట్టు బొమ్మ రెండు ముక్కలవుతుంది. మూడు, ఆట వేగాన్నే 60కి లాగడం. చాలా ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే రెట్రోఆర్చ్ మామూలుగా చేసేది ఈ మూడోది. అందుకే దానిలో చాలా ఆటలు నున్నగానే కనిపిస్తాయి, జనం కూడా సమస్యేమీ లేదనుకుంటారు. కానీ నియో జియో ఆటను 59.19 నుంచి 60కి లాగితే 1.4 శాతం వేగం పెరిగినట్టు. గంట ఆట 49 సెకన్ల ముందే అయిపోతుంది, పాట శ్రుతి కూడా ఆ మేరకు పైకి జరుగుతుంది. డోన్‌పచి అయితే 4 శాతం పైగా వేగంగా నడుస్తుంది. బుల్లెట్ల వానలో ఆ 4 శాతం ఆటను నిజంగానే కష్టం చేస్తుంది. రెట్రోఆర్చ్ లాగగలిగే హద్దు మామూలుగా 5 శాతం. మోర్టల్ కాంబాట్, ఆర్-టైప్ ఆ హద్దు దాటిపోతాయి కాబట్టి వాటికి ఆ వైద్యం కూడా పనిచేయదు.

వీఆర్ఆర్, అంటే వేరియబుల్ రిఫ్రెష్ రేట్, ఈ లెక్కను తిరగేస్తుంది. ఫ్రేమ్ తయారయ్యేదాకా మానిటరే ఆగుతుంది, రాగానే గీస్తుంది. 54.71 వస్తే మానిటర్ 54.71. పాత సీఆర్‌టీ ఒప్పందమే మళ్లీ తిరిగొచ్చింది. ఎన్విడియా 2013లో జీ-సింక్ ప్రకటించింది. అప్పట్లో దానికి మానిటర్‌లో వాళ్ల చిప్ ఉండాల్సి వచ్చేది. 2014లో డిస్‌ప్లే ప్రమాణాలు నిర్ణయించే వెసా (VESA) సంస్థ అడాప్టివ్-సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ కనెక్షన్ ప్రమాణంలో చేర్చింది, ఏఎండీ ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా దిగొచ్చి జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి పై కార్డులకు ఫ్రీసింక్ మానిటర్ల తలుపు తెరిచింది. ఇప్పుడు ఏ పేరుతో అమ్మినా మన పనికి తేడా పెద్దగా లేదు. తేడా అంతా మానిటర్ ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య దాకా మారగలదన్న రేంజ్‌లో ఉంది.

రేంజ్ చూడకుండా కొనొద్దు

పెట్టె మీద 'ఫ్రీసింక్' అని రాసి ఉంటే చాలదు. కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో రేంజ్ వెతకండి: 48–75, 48–100, 48–144 ఇలా ఉంటుంది.

పై హద్దు 60 దగ్గరే ఆగితే ఆ తెర మన పనికి రాదు. కొన్ని 4కే మానిటర్ల రేంజ్ 40–60. చూడటానికి సరిపోయేలా ఉంటుంది గానీ సూపర్ నెస్ 60.10 దగ్గర నడుస్తుంది. ఆ పదో వంతు హెర్ట్జ్ చాలు, ఆట రేంజ్ దాటి వీ-సింక్‌లో పడి పది సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ పోగొట్టుకుంటుంది. ఏ కుదుపు వదిలించుకోవడానికి డబ్బు పెట్టామో అదే మళ్లీ ఎదురవుతుంది.

48–75 రేంజ్ చవక మానిటర్లు చెడ్డవేం కావు. 50 నుంచి డాస్ ఆటల 70.09 వరకు అన్నీ అందులో ఇమిడిపోతాయి. వండర్‌స్వాన్ ఒక్కటే అర హెర్ట్జ్ తేడాతో బయటపడుతుంది. లోపం ఇంకోచోట ఉంది. కింది హద్దుకు పై హద్దు రెట్టింపు లేకపోతే ఎల్ఎఫ్‌సీ పనిచేయదు. అంటే ఫ్రేములు 48 కంటే తగ్గినప్పుడు ఒక్కో ఫ్రేమును రెండుసార్లు గీసి రేంజ్‌లో ఉంచే ఉపాయం వీటిలో ఉండదు. 48–100 మానిటర్లు, అంటే ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్న 100 హెర్ట్జ్ ఐపీఎస్ (ఎల్‌సీడీ ప్యానెళ్లలో ఒకటి) రకం, ఆ గీతను ఒక్క అడుగు తేడాతో దాటాయి. తక్కువ ఖర్చులో కావాలంటే ఇవే నయం.

మరి 60 ఫ్రేముల ఆటకు 144 హెర్ట్జ్ తెర ఎందుకని అడగొచ్చు. మానిటర్ బొమ్మను ఒక్కసారిగా వెలిగించదు. పైవరుస నుంచి కిందివరుసకు గీసుకుంటూ వస్తుంది. 60 హెర్ట్జ్ తెరకు ఆ గీత 16.7 మిల్లీసెకన్ల పని. వీఆర్ఆర్‌లో 144 హెర్ట్జ్ తెర ఫ్రేమ్ కోసం ఎంతసేపు ఆగినా, గీసేటప్పుడు మాత్రం తన పూర్తి వేగంతో 6.9 మిల్లీసెకన్లలో గీసేస్తుంది. దాంతో తెర అడుగున ఉన్నది దాదాపు 10 మిల్లీసెకన్లు ముందే కనిపిస్తుంది. షూటర్ ఆటల్లో మన ఓడ ఉండేది అక్కడే. 75 హెర్ట్జ్ తెర మీద ఈ లాభం 3 మిల్లీసెకన్లే.

ఇంకో మాట. 144 హెర్ట్జ్ మానిటర్ కొని వీఆర్ఆర్ ఆన్ చేయకుండా 60 ఫ్రేముల ఆట ఆడితే 60 హెర్ట్జ్ తెర కంటే ఘోరంగా ఉంటుంది. 144ని 60తో భాగిస్తే 2.4. కాబట్టి ఒక ఫ్రేమ్ రెండు విడతలు, ఇంకోటి మూడు విడతలు నిలుస్తుంది: 13.9, 20.8, 13.9, 20.8, 13.9 మిల్లీసెకన్లు. స్క్రోలింగ్ కుంటుతున్నట్టే ఉంటుంది. 'గేమింగ్ మానిటర్ కొన్నా పాత ఆటలు నున్నగా లేవు' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మన కాంట్రా 50 హెర్ట్జ్‌ది

ఇక్కడ మనకు ప్రత్యేకించి ఒక సంగతి ఉంది. 90ల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించిన కాట్రిడ్జ్ గేమ్‌లలో ఎక్కువ భాగం అసలు నింటెండోలు కావు, క్లోన్లు. మన టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50. పాల్ టీవీల కోసం తయారైన అలాంటి క్లోన్ల టైమింగ్‌కు ఎమ్యులేటర్లలో 'డెండీ' అని పేరు, రష్యాలో అమ్ముడైన క్లోన్ పేరు మీదుగా. అది 50.007 హెర్ట్జ్. అమెరికా నెస్‌తో పోలిస్తే ఆట 17 శాతం నెమ్మది, పాట కూడా అంతే నెమ్మది, కానీ శ్రుతి మాత్రం ఒక శాతం కూడా తగ్గదు. ఎమ్యులేటర్‌లో కాంట్రా పెట్టినప్పుడు 'ఇదేంటి, ఇంత హడావుడిగా ఉంది' అనిపిస్తే మీ చెవి తప్పు కాదు.

రెట్రోఆర్చ్‌లో నెస్ ఆటలు నడిపే కోర్‌లైన (లోపలి ఎమ్యులేటర్లైన) ఎఫ్‌సీఈయూఎంఎం, నెస్టోపియాలలో కోర్ ఆప్షన్స్‌కు వెళ్లి రీజియన్ దగ్గర డెండీ ఎంచుకుంటే చిన్నప్పటి వేగం తిరిగొస్తుంది. స్థిర 60 హెర్ట్జ్ తెర మీద దీన్ని చూడలేం. ప్రతి ఐదు ఫ్రేములకూ ఒకటి రిపీట్, సెకనుకు పది కుదుపులు. వీఆర్ఆర్ తెర మీద వెన్నలా జారుతుంది. వీఆర్ఆర్‌కు డబ్బు ఎందుకు పెట్టాలని అడిగేవాళ్లకు ముందు చూపించాల్సిన డెమో ఇదే.

కాకపోతే 50 అనేది 48కి మరీ అంచున ఉంది. ఒక ఫ్రేమ్ కాస్త ఆలస్యమైతే లెక్క 48 కిందికి జారి, ఎల్ఎఫ్‌సీ ఉన్న మానిటర్ ఒక్కసారిగా 96 దగ్గరికి ఎగిరి మళ్లీ 50కి దిగుతుంది. ఆ ఎగుడుదిగుడులో తెర వెలుగు మినుకుమంటుంది, ముఖ్యంగా వీఏ అనే రకం ఎల్‌సీడీ ప్యానెళ్లలో. దీనికి విండోస్‌లో కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అనే ఉచిత పరికరంతో రేంజ్ కింది హద్దును 48 నుంచి 55 చుట్టూ పెంచుతారు. అప్పుడు 50 ఎప్పుడూ హద్దు కిందే ఉండి స్థిరంగా 100 దగ్గర గీయబడుతుంది, ఊగిసలాట ఉండదు. పై హద్దు 110 దాటిన మానిటర్లకే ఇది చేయాలి. మోర్టల్ కాంబాట్ 54.71, ఆర్-టైప్ 55.02 మళ్లీ ఆ 55 అంచునే ఉంటాయి కాబట్టి అవి ఆడేవాళ్లు 53 పెట్టుకోవడం మేలు.

1440కి ఉన్న అదృష్టం

రిజల్యూషన్ విషయంలో మా ఓటు 1440పీకే. కారణం పాత తెరల ఎత్తుల లెక్క. 240 వరుసల బొమ్మ ఆరు రెట్లు చేస్తే సరిగ్గా 1440. గేమ్‌బాయ్ 144 వరుసలు పది రెట్లు, 1440. గేమ్‌బాయ్ అడ్వాన్స్ 160 వరుసలు తొమ్మిది రెట్లు, 1440. నిలువు తెర పాక్‌మాన్ 288 వరుసలు ఐదు రెట్లు, మళ్లీ 1440. పూర్ణాంకంతో పెంచినప్పుడు ప్రతి పిక్సెల్ ఒకే కొలతలో పెరుగుతుంది. లేదంటే స్క్రోల్ అయ్యేటప్పుడు కొన్ని వరుసలు లావుగా, కొన్ని సన్నగా మారుతూ మెరుస్తాయి. వీఆర్ఆర్‌తో కదలిక నున్నబడ్డాక ఈ మెరుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

1080లో 240 నాలుగున్నర రెట్లు. నాలుగు రెట్లకు ఆగితే పైనా కిందా 60 పిక్సెళ్ల నల్లపట్టీలు మిగులుతాయి. 224 వరుసల సీపీఎస్, నియో జియో ఆటల్ని ఐదు రెట్లు చేస్తే 1120. పైనా కిందా అసలు బొమ్మలో నాలుగేసి వరుసలు తెగుతాయి. చాలా ఆటల్లో అది తెలియను కూడా తెలియదు, స్కోరు అంకెలు మరీ అంచున ఉన్న ఆటల్లో తప్ప. 4కే అయితే 240కి తొమ్మిది రెట్లు బాగుంటుంది గానీ పాత ట్యూబు తెర రూపం తెచ్చే సీఆర్‌టీ-రాయల్ లాంటి బరువైన షేడర్‌ను ఆ రిజల్యూషన్‌లో లాగడానికి మంచి కార్డు కావాలి.

ఏ ప్యానెల్

27 అంగుళాలు, 1440పీ, ఐపీఎస్, 144 హెర్ట్జ్ లేదా ఆపైన, డిస్‌ప్లేపోర్ట్. పాత ఆటలకు మా సిఫారసు ఇదే తరగతి. 2019లో వచ్చిన ఎల్‌జీ 27జీఎల్850, 2020లో వచ్చిన డెల్ ఎస్2721డీజీఎఫ్ ఈ తరగతికి రూపం ఇచ్చినవి. మొదటిది 144, రెండోది డిస్‌ప్లేపోర్ట్‌లో 165 హెర్ట్జ్; రెండూ ఫ్రీసింక్, రెండూ ఎన్విడియా ఆమోదించిన జాబితాలో ఉన్నవి. రెండింటి స్టాండూ తెరను నిలువుగా తిప్పనిస్తుంది కాబట్టి పాక్‌మాన్, డోన్‌పచి లాంటి నిలువు ఆటలకు తెర మొత్తం దక్కుతుంది. సెకండ్ హ్యాండ్‌లో మంచి పీస్ దొరికితే వదలొద్దు. రెండింటికీ ఉన్న లోటు కాంట్రాస్ట్. చీకటి గదిలో 4:3 బొమ్మకు రెండు పక్కలా ఉండే నల్లపట్టీలు నల్లగా ఉండవు, బూడిద రంగులో మిణుకుతాయి. మానిటర్ వెనక చిన్న ఎల్ఈడీ స్ట్రిప్ వెలిగిస్తే ఆ బూడిద చాలావరకు కంటికి కనపడదు.

ఓవర్‌డ్రైవ్ సంగతి మర్చిపోవద్దు. పిక్సెళ్లను త్వరగా రంగు మార్పించే ఈ సెట్టింగ్‌ను కంపెనీలు 144 కోసం సరిచేస్తాయి; ఆట 60 దగ్గర నడిచేటప్పుడు అదే మోతాదు ఎక్కువైపోతుంది. సోనిక్ పరిగెడుతుంటే వాడి వెనక వెలుగు అంచు ఒకటి తోకలా వస్తే అది ఓవర్‌డ్రైవ్ పనే. ఎల్‌జీలో రెస్పాన్స్ టైమ్ కింద 'ఫాస్టర్' వదిలేసి 'ఫాస్ట్' పెట్టండి, తోక ఇంకా ఉంటే 'నార్మల్'. మిగతా కంపెనీల్లో పేరు వేరు, సూత్రం ఒకటే: అన్నిటికంటే పై మెట్టు ఎప్పుడూ వద్దు.

వీఏ ప్యానెల్ నల్లరంగు అద్భుతం, 3000:1 కాంట్రాస్ట్‌తో పక్కపట్టీలు గదిలో కలిసిపోతాయి. కానీ నలుపు నుంచి ముదురు బూడిదకు మారడం నెమ్మది. రాత్రి సీన్లలో స్క్రోల్ చేస్తే మసి పూసినట్టు సాగుతుంది. మినుకు జబ్బు కూడా వీటికి ఎక్కువే. మీరు ఆడేవి తెర ఎక్కువగా కదలని ఆర్‌పీజీ (రోల్‌ప్లేయింగ్) ఆటలైతే తీసుకోవచ్చు; షూటర్లు, ఫైటింగ్ ఆటలకు మేం సిఫారసు చేయం.

ఓలెడ్ కదలికలో అందరికంటే ముందుంది, తోకలు, మసి ఏవీ ఉండవు. పెద్ద భయం అరుగుదల. 4:3 ఆటలు రోజూ గంటల తరబడి ఆడితే మధ్యభాగం అరుగుతుంది, నల్లపట్టీల చోటు కొత్తగానే ఉంటుంది. ఏళ్లు గడిచాక తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఆ సరిహద్దు తేలొచ్చు. కదలని స్కోరు బోర్డులదీ అదే కథ. సినిమాలు, కొత్త ఆటలు కూడా అదే తెర మీద చూసేవాళ్లకు పరవాలేదు.

కేబుల్ దగ్గరే సగం మంది ఆగిపోతారు

ఫ్రీసింక్ హెచ్‌డీఎంఐలో ఏఎండీ తన సొంత పద్ధతిలో పనిచేయిస్తుంది. ఎన్విడియా కార్డు మాత్రం హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ ఉన్న తెరలతోనే హెచ్‌డీఎంఐలో వీఆర్ఆర్ ఇస్తుంది. చవక మానిటర్‌లో ఉండేది హెచ్‌డీఎంఐ 1.4 లేదా 2.0. పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే ఉంటే, మీది ఎన్విడియా కార్డైతే, దాన్ని పక్కనబెట్టి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొనండి. మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ లేకపోతే ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లు ఆ మోడల్ జోలికి పోవద్దు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న అడాప్టర్లను నమ్ముకోవద్దు, చాలావాటిలో వీఆర్ఆర్ దాటదు.

సెట్టింగులు, వరుసగా

ముందు మానిటర్ మెనూ. అడాప్టివ్-సింక్ లేదా ఫ్రీసింక్ ఆన్ చేయండి. చాలా మానిటర్లు ఫ్యాక్టరీ నుంచి ఆఫ్‌లోనే వస్తాయి. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు వెళ్లి రిఫ్రెష్ రేటు గరిష్ఠానికి పెట్టండి. డెస్క్‌టాప్ 60లో ఉంటే వీఆర్ఆర్ పై హద్దు కూడా 60కే కుదించుకుపోతుంది.

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'సెటప్ జీ-సింక్' తెరిచి ఎనేబుల్ చేసి 'ఫుల్ స్క్రీన్ మోడ్' ఎంచుకోండి. ఆమోదిత జాబితాలో లేని మానిటర్‌కు కింద ఇంకో టిక్ ఉంటుంది, ఎంచుకున్న డిస్‌ప్లేకు సెట్టింగ్ వర్తింపజేయమని; అది పెట్టకపోతే పైదంతా దండగ. 3డీ సెట్టింగుల్లో వర్టికల్ సింక్ ఆన్. ఏఎండీలో ఆడ్రెనలిన్ సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లే పేజీలో ఫ్రీసింక్ ఆన్, ఎన్‌హాన్స్‌డ్ సింక్, రేడియాన్ చిల్ రెండూ ఆఫ్.

రెట్రోఆర్చ్‌లో అసలు కీలకం ఫ్రేమ్ థ్రాటిల్ మెనూలో 'సింక్ టు ఎగ్జాక్ట్ కంటెంట్ ఫ్రేమ్‌రేట్'. ఇది ఆన్ చేయకుండా మానిటర్‌లో ఫ్రీసింక్ ఒక్కటే ఆన్ చేస్తే ప్రయోజనం అరకొర. ఎందుకంటే ఆ సెట్టింగ్ లేనప్పుడు ఆట వేగాన్ని నడిపేది వీ-సింక్, లేదంటే సౌండ్ బఫర్. సౌండ్ బఫర్ ఖాళీ అయ్యేకొద్దీ ఫ్రేములు గుంపులుగా వస్తాయి, ఒకటి 14 మిల్లీసెకన్లకు, ఇంకోటి 19కి. వీఆర్ఆర్ తెర ఆ అస్తవ్యస్తాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఆన్ చేస్తే ఆట కోరిన సమయానికి కచ్చితంగా ఒక్కో ఫ్రేమ్ బయటికొస్తుంది.

దానితోపాటు: వీ-సింక్ ఆన్, స్వాప్ ఇంటర్వల్ 1, థ్రెడెడ్ వీడియో ఆఫ్, విండోడ్ ఫుల్‌స్క్రీన్ ఆఫ్, ఆడియో సింక్ ఆన్. ఇంకోటి చాలామంది కనిపెట్టలేనిది: 'ఆటోమేటిక్ రిఫ్రెష్ రేట్ స్విచ్' ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే ఫుల్‌స్క్రీన్‌లోకి వెళ్లేటప్పుడు రెట్రోఆర్చ్ ఆటకు దగ్గరైన రేటుకు, అంటే 60కో 50కో, మానిటర్‌ను మార్చేయొచ్చు. అక్కడితో మీ 144 పోయినట్టే. సౌండ్ ఆలస్యం మామూలుగా 64 మిల్లీసెకన్లు. విండోస్ సౌండ్ డ్రైవర్ వాసాపీతో 32కి దించి చూడొచ్చు, చిటపటలు మొదలైతే 48కి పెంచండి. బటన్ నొక్కాక వచ్చే ఆలస్యాన్ని తగ్గించే రన్-అహెడ్ సెట్టింగ్ వీఆర్ఆర్‌తో హాయిగా కలిసి పనిచేస్తుంది, ఒక ఫ్రేమ్ చాలు. ఫ్రేమ్ డిలే మాత్రం వీఆర్ఆర్‌లో ఇంచుమించు అనవసరం, 0లో ఉంచేయండి.

ఆర్కేడ్ ఆటల ఎమ్యులేటర్ మేమ్ (MAME) దీనికంటే సులువు. అది పుట్టుకతోనే ఆట అసలు వేగంతో నడుస్తుంది, దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు. ఐఎన్ఐ ఫైల్‌లో వెయిట్‌వీసింక్ 0, సింక్‌రిఫ్రెష్ 0, ట్రిపుల్‌బఫర్ 0, థ్రాటిల్ 1, లోలేటెన్సీ 1. అంతే. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్లు డక్‌స్టేషన్, పీసీఎస్ఎక్స్2లలో 'సింక్ టు హోస్ట్ రిఫ్రెష్ రేట్' ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లో ఉంటే అవి మళ్లీ మానిటర్ వేగానికి ఆటను లాగుతాయి.

లినక్స్‌లో ఏఎండీ కార్డుతో ప్లాస్మా వేలాండ్ సెషన్ ఉంటే డిస్‌ప్లే సెట్టింగుల్లో అడాప్టివ్ సింక్ ఆప్షన్ సిద్ధంగా ఉంటుంది. గ్నోమ్‌లో 46 నుంచి ప్రయోగాత్మకంగా వచ్చింది. ఎక్స్11లో కాన్ఫిగ్ ఫైల్‌లో వేరియబుల్‌రిఫ్రెష్ రాయాలి, రెండు మానిటర్లు తగిలిస్తే మొరాయిస్తుంది.

పనిచేస్తోందా, లేదా

మానిటర్ మెనూలో రిఫ్రెష్ రేటు చూపించే కౌంటర్ ఉంటే ఆట నడుస్తుండగా తెరవండి. ముస్తఫా ఆడుతుంటే 59, 60 మధ్య ఉంటే పని జరిగింది. 144 దగ్గర కదలకుండా నిలబడితే వీఆర్ఆర్ తగల్లేదు. ముందు విండోడ్ ఫుల్‌స్క్రీన్, తర్వాత కేబుల్ చూడండి. 120 చుట్టూ కనిపిస్తే కంగారు వద్దు, ఒక్కో ఫ్రేమును రెండుసార్లు గీస్తోందంతే. 50కీ 140కీ మధ్య కోతిలా గెంతుతుంటే ఫ్రేములు సమయానికి రావడం లేదు: ఎగ్జాక్ట్ కంటెంట్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉండొచ్చు, లేదా షేడర్ మీ కార్డు మోయలేనంత బరువు కావొచ్చు. కౌంటర్ లేని మానిటర్‌కు ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ డిస్‌ప్లే మెనూలో జీ-సింక్ ఇండికేటర్ ఉంది.

కంటితో తేల్చుకోవాలంటే ఆర్టెమియో ఉర్బీనా తయారుచేసిన 240పీ టెస్ట్ సూట్ ఉచితంగా దొరుకుతుంది. అందులో గ్రిడ్ స్క్రోల్ టెస్ట్ నడిపి అరనిమిషం రెప్ప వేయకుండా ఒక గీతను అనుసరించండి. సూపర్ నెస్ వెర్షన్‌లో పది సెకన్లకోసారి వచ్చే తడబాటు పోయిందంటే సెట్టింగులన్నీ కుదిరినట్టే.

ఎమ్యులేటరే వెనకబడితే మాత్రం వీఆర్ఆర్ ఏమీ చేయలేదు. కోర్ 60 ఇవ్వాల్సిన చోట 52 ఇస్తే కొత్త ఆటల్లోలా అది కప్పిపుచ్చుకోదు. ఆట నిజంగానే నెమ్మదిస్తుంది, సౌండ్ చిటపటలాడుతుంది. అక్కడ కావాల్సింది తేలికైన కోర్, లేదా మెరుగైన ప్రాసెసర్.

కదిలే బొమ్మ మసకబారడం కూడా వీఆర్ఆర్ తీర్చే సమస్య కాదు. 60 ఫ్రేముల దగ్గర ఎల్‌సీడీ, ఓలెడ్ ఏదైనా ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లు పట్టుకుని నిలబడుతుంది. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో జారే బ్యాక్‌గ్రౌండ్ 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. సీఆర్‌టీ తళుక్కున మెరిసి ఆరిపోయేది కాబట్టి అంత పదునుగా ఉండేది. ఆ పదును కావాలంటే ఫ్రేముల మధ్య నలుపు చొప్పించాలి. 2024 చివర్లో వచ్చిన సీఆర్‌టీ బీమ్ సిమ్యులేటర్ షేడర్ ఆ పని ఎంతో బాగా చేస్తుంది, కానీ దానికి 240 లాంటి స్థిరమైన రేటు కావాలి, వీఆర్ఆర్ ఆఫ్‌లో ఉండాలి. రెండూ ఒకేసారి దొరకవు. సోనిక్‌కు పదును, మోర్టల్ కాంబాట్‌కు వీఆర్ఆర్ అని ఆటను బట్టి మార్చుకోవాల్సిందే. రెట్రోఆర్చ్‌లో కోర్ వారీగా, ఆట వారీగా ఓవర్‌రైడ్ సేవ్ చేసుకుంటే ప్రతిసారీ మెనూల్లో తిరగక్కర్లేదు.

సూపర్ నెస్, మెగా డ్రైవ్, గేమ్‌బాయ్ ఆటలతోనే మీ సరదా తీరిపోతుందంటే మానిటర్ మార్చక్కర్లేదు. ఉన్న 60 హెర్ట్జ్ తెర మీద రెట్రోఆర్చ్ మామూలు సెట్టింగులే చాలు. ఆట వేగంలో తేడా అర శాతం లోపే, చెవికి, చేతికి తెలియదు. ఆర్కేడ్ ఆటలు, డాస్ ఆటలు, లేదా ఆ 50 హెర్ట్జ్ కాంట్రా కావాలన్నప్పుడు రేంజ్ చూసి కొనండి.